పేకాటలో పోయిన మనిషి

ప్యారిస్, 1908. ఒక ఇంగ్లిష్ ప్రభువు పొద్దున్నే తలనొప్పితో లేస్తాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదు. బట్టలు తొడగడానికి వచ్చిన నౌకరుకి ఒక మాట చెప్పాలి, కానీ నోరు రావడం లేదు. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి చెప్పేస్తాడు. రాత్రి పేకాటలో ఓడిపోయాడు. ఓడిపోయింది డబ్బు కాదు, ఆ నౌకరునే. గెలుచుకున్నవాళ్ళు అమెరికావాళ్ళు. వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్ గ్యాప్ అనే ఊరు. ఇక సామాను సర్దుకోవడమే.

నౌకరు గొంతు పెరగదు, మొహం మారదు. కళ్ళు మాత్రం ఒక్కసారి పైకప్పు దాకా వెళ్ళి వస్తాయి.

ఈ నౌకరు పేరు మార్మడ్యూక్ రగుల్స్. సినిమా పేరు 'రగుల్స్ ఆఫ్ రెడ్ గ్యాప్'. 1935లో పారమౌంట్ వాళ్ళు తీశారు. దర్శకుడు లియో మెక్‌కేరీ, రగుల్స్‌గా వేసింది చార్లెస్ లాటన్. బ్లాక్ అండ్ వైట్, గంటన్నర నిడివి. అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచికకి "పిల్లలతో కలిసి చూడదగ్గ పాత సినిమా" గురించి రాయమంటే నాకు తట్టింది ఇదే. ఎడిటర్ గారు బహుశా విశ్వనాథ్ గారి సినిమా ఏదో వస్తుందనుకుని ఉంటారు. క్షమించాలి.

కౌబాయ్ సినిమా అనగానే మన వయసువాళ్ళకి 1971లో కృష్ణ గారు టోపీ పెట్టి గుర్రమెక్కిన 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది. ఆ లెక్కన చూస్తే ఇది కౌబాయ్ సినిమానే కాదనొచ్చు. నిధి లేదు, వేట లేదు, నడివీధిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తుపాకులు తీసే సీను లేదు. సెలూన్ ఉంది (మంగలి షాపు కాదు, అక్కడ సెలూన్ అంటే మందు కొట్టు), పెద్ద టోపీలున్నాయి, గట్టిగా కేకలేసే మనుషులున్నారు. ఇందులో దెబ్బలు తినేది మర్యాదలు, హోదాలు. అందుకే కౌబాయ్ సినిమాల ప్రియులు దీన్ని తమది అనుకోలేదు, కామెడీల ప్రియులు వేరేవాళ్ళది అనుకున్నారు. రెండు వీధుల మధ్య ఇల్లులా ఎవరికీ పట్టకుండా మిగిలిపోయింది.

నేను దీన్ని మొదటిసారి చూసిన సందర్భం చెప్పాలి. అప్పటికి నేను అమెరికా వచ్చి ఆరేళ్ళు. నేను పనిచేసే కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. ఒక మంగళవారం మీటింగ్ పెట్టి, మా టీమంతా ఫలానా డివిజన్‌కి వెళ్తోందనీ, వీసా మీదున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదనీ, కాగితాలు "బదిలీ" అవుతాయనీ చెప్పారు. చెప్పినాయన మర్యాదస్తుడే. మా మొహాలు చూడలేక స్లైడ్‌నే చూస్తూ చెప్పాడు. ఆ వారాంతంలో లైబ్రరీ నుంచి మా ఆవిడ ఏవో పాత కామెడీల డీవీడీలు తెస్తే అందులో ఇది వచ్చింది. మొదటి సీను చూసి ఎంత నవ్వానో! తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు. ఆ ప్రభువు తంటాలు, మా స్లైడ్ తంటాలు ఒకటే.

రెడ్ గ్యాప్ మనం ఉంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే కదా అని మ్యాప్‌లో వెతికాను కూడా. లేదు. హ్యారీ లియోన్ విల్సన్ అనే రచయిత నవల కోసం కల్పించిన ఊరది. నవల 1915లో వచ్చింది. 1918లో ఒకసారి, 1923లో ఒకసారి మూకీ సినిమాలుగా తీశారు. మాటలు వచ్చాక తీసినదే ఈ లాటన్ సినిమా. ఈ కథకి మాట చాలా అవసరం. ఎందుకో తర్వాత చెప్తాను.

లాటన్ గురించి కొంచెం. ఆయన పుట్టింది 1899లో, ఇంగ్లండ్‌లోని స్కార్బరోలో. తల్లిదండ్రులది హోటల్ వ్యాపారం. కొడుకు కూడా అదే చూసుకుంటాడని లండన్‌లోని క్లారిడ్జెస్ హోటల్‌కి పని నేర్చుకోవడానికి పంపించారు. అంటే దొరల ముందు తల ఎంత వంచాలో, అడుగుల చప్పుడు ఎంత తగ్గించాలో, వినపడిన మాట వినపడనట్టు ఎలా ఉండాలో ఆయన నటనా బడిలో నేర్చుకున్నది కాదు, హోటల్ కౌంటరు వెనక చూసినది. రగుల్స్ నడక చూడండి. భారీ మనిషి, కానీ గదిలో చోటు తీసుకోకుండా నడుస్తాడు. అదీ తేడా.

అదే ఏడాది లాటన్ 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ'లో క్రూరుడైన ఓడ కెప్టెన్‌గా, 'లే మిజరాబ్ల్'లో జాలిలేని పోలీసుగా వేశాడు. ఆ మూడు సినిమాలూ ఉత్తమ చిత్రం ఆస్కార్ పోటీలో నిలబడ్డాయి. గెలిచింది 'మ్యూటినీ'. జనానికి గుర్తుండిపోయింది కూడా ఆ కెప్టెనే. కొరడా పట్టుకున్నవాడు గుర్తుంటాడు, కాఫీ కప్పు పట్టుకున్నవాడు గుర్తుండడు. ఇది సినిమాల్లోనే కాదనుకోండి.

ఇక కథ. రగుల్స్‌ని గెలుచుకున్నది ఎగ్బర్ట్ ఫ్లౌడ్, ఆయన భార్య ఎఫీ. కొత్తగా డబ్బొచ్చిన కుటుంబం. ఎఫీకి మోజులెక్కువ. వచ్చీరాని ఫ్రెంచి మాట్లాడుతుంది, మొగుణ్ణి పెద్దమనిషిగా తయారు చెయ్యమని రగుల్స్‌కి అప్పగిస్తుంది. ఎగ్బర్ట్‌కి గళ్ళ సూటు, గుబురు మీసం, ఎదురుపడినవాడి వీపు మీద చరిచే అలవాటు. మీసం కత్తిరింపు సీనులో ఆయన మొహం చూస్తే పెళ్ళిచూపులకి బలవంతంగా తల దువ్వించుకున్న కుర్రాడు గుర్తొస్తాడు.

ఎగ్బర్ట్ మాత్రం రగుల్స్‌ని నౌకరుగా చూడలేడు. అది ఆయన ఆదర్శం కాదు, చేతకాదు, అంతే. ప్యారిస్ కేఫ్‌లో తన బల్ల దగ్గరే కూర్చోమంటాడు. రగుల్స్ కూర్చోడు. యజమాని ఎదురుగా కూర్చోవడం ఆ మనిషి ఒంటికి తెలియదు. తండ్రీ తాతా చేసింది కూడా అదే పని. ఎగ్బర్ట్ బతిమాలి, లాగి, చివరికి కూలేస్తాడు. కుర్చీ అంచున, ఏ క్షణాన్నైనా లేవడానికి సిద్ధంగా, నేరం చేస్తున్నవాడిలా కూర్చుంటాడు రగుల్స్. తర్వాత మందు పడుతుంది. ఆ బిగుసుకున్న మొహంలోంచి మెల్లగా ఒక నవ్వు, దాని వెనక ఒక కేక. ఆ కేక ఎక్కడిది, అన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందని అడగాలనిపిస్తుంది.

మెక్‌కేరీ మూకీల కాలంలో హాల్ రోచ్ స్టూడియోలో పనిచేసినవాడు. లారెల్, హార్డీలని జంటగా నిలబెట్టడంలో ఆయన చెయ్యి ఉంది. జోకు పేలాక కెమెరాని వెంటనే తిప్పెయ్యడు. దెబ్బ తిన్న మనిషి మొహం మీద నిలబెడతాడు, ఆ దెబ్బ లోపలికి దిగేదాకా. ఇప్పటి కామెడీ సినిమాల వేగానికి అలవాటుపడినవాళ్ళకి మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా అనిపించవచ్చు. ఓపిక పట్టండి.

రెడ్ గ్యాప్ చేరాక అసలు తమాషా. ఎగ్బర్ట్ నోటికొచ్చినట్టు రగుల్స్‌ని "కర్నల్" అని పరిచయం చేస్తాడు. ఊరి పత్రిక దాన్ని పట్టుకుని, ఇంగ్లండ్ సైన్యంలో కర్నల్ గారు ఫ్లౌడ్‌ల ఇంట అతిథిగా దిగారని అచ్చేస్తుంది. ఇంకేముంది, ఊరంతా విందులు, పలకరింపులు. ఎఫీకి దిక్కుతోచదు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే తన నౌకరుకి తనే కుర్చీ వెయ్యాలి.

ఇక్కడ మన సంఘం పెద్దలు నన్ను మన్నించాలి. ఈ భాగం చూస్తున్నంతసేపూ నాకు మన ఉగాది వేడుకలే కళ్ళముందు ఆడాయి. ఇక్కడికి విజిటర్ వీసా మీద మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఎవరి మామగారో స్టేజీ ఎక్కేసరికి "ప్రముఖ సాహితీవేత్త" అయిపోతారు. శాలువా కప్పేస్తాం. ఆయన పాపం రిటైర్డ్ తాలూకాఫీసు గుమస్తా, రెండు కవితలు రాసుకున్నారు. మైకు ముందు ఆయన పడే ఇబ్బంది అచ్చం రగుల్స్‌దే. తేడా ఏమిటంటే రెడ్ గ్యాప్‌లో ఆ పొరపాటు వల్ల ఒక మంచి జరుగుతుంది. జనం గౌరవిస్తే ఎలా ఉంటుందో ఒకసారి రుచి చూసినవాడు మళ్ళీ వెనక్కి వెళ్ళడు.

ఆ ఊళ్ళో అందరూ మంచివాళ్ళేం కాదు. బెల్‌నాప్-జాక్సన్ అని ఎఫీ తరఫు బంధువు ఒకడు. గొప్పింటి పేరు తప్ప చేతిలో ఏమీ లేనివాడు. నౌకరుకి ఇంత గౌరవమా అని కుళ్ళిపోతాడు, సమయం చూసి రగుల్స్‌ని పనిలోంచి తీసేస్తాడు. రైలెక్కడానికి పెట్టె పట్టుకుని బయల్దేరిన రగుల్స్ దారిలో సెలూన్‌లో ఆగుతాడు. ఈ సినిమాలో ఒక్క సీనే చూడాలంటే ఇదే.

మాటల మధ్య ఎగ్బర్ట్ ఏదో సందర్భంలో, గెటిస్‌బర్గ్‌లో లింకన్ చెప్పినట్టు, అంటాడు. ఏం చెప్పాడు? ఎగ్బర్ట్‌కి గుర్తు రాదు. పక్కవాణ్ణి అడుగుతాడు. పక్కవాడికీ తెలియదు. బార్ వెనకున్నవాణ్ణి అడుగుతారు. ఆ ప్రశ్న అలా ఒక నోటినుంచి ఇంకో నోటికి పాకుతుంది. అందరూ అమెరికాలో పుట్టినవాళ్ళే, లింకన్ పేరు చెబితే ఛాతీ ఉబ్బేవాళ్ళే. ఒక్కడికీ ఒక్క ముక్క రాదు. అప్పుడు బల్ల దగ్గర ఎవరో గొణుగుతున్నట్టు వినిపిస్తుంది. ఎగ్బర్ట్ చెవి దగ్గర పెడతాడు. రగుల్స్.

ప్రసంగం మొత్తం చెబుతాడు. మొదట్లో గొంతు లేవదు, ఎవరికీ ఇబ్బంది కలగకూడదని జాగ్రత్తపడే నౌకరు గొంతే. తర్వాత్తర్వాత అది మారుతుంది, కానీ ఉపన్యాసం కాదు. తనకి బాగా అవసరమైన సంగతి ఒకటి మళ్ళీ సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. మెక్‌కేరీ చేసిన తెలివైన పని, కెమెరాని విన్నవాళ్ళ మొహాల మీదకి తీసుకెళ్ళడం. పేకలు పట్టుకున్నవాళ్ళు, గ్లాసు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి దగ్గరికి వస్తారు. ఇందాకటి దాకా కామెడీ సినిమా ఇది. ఇప్పుడు ఎవరూ నవ్వరు.

ఆ ప్రసంగం అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానం దగ్గర, గెటిస్‌బర్గ్‌లో, 1863 నవంబరు 19న చేసినది. ఆ రోజు అసలు వక్త ఎడ్వర్డ్ ఎవెరెట్, ఆయన రెండు గంటలు మాట్లాడాడు. లింకన్‌ది 270 చిల్లర మాటలు, రెండు నిమిషాల పని. కథకి మాట అవసరమని ఇందాక అన్నది ఇందుకే. మూకీలో ఇది సాధ్యం కాదు. ఇంగ్లండ్ యాసలో, నౌకరీ చేసి చేసి మెత్తబడిన గొంతులో, మనుషులందరూ సమానులుగా పుట్టారన్న మాట వినపడాలి.

నేను పౌరసత్వం ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు చదవాల్సిన ప్రశ్నలు 100. వాటిలోంచి 10 అడిగేవాళ్ళు, 6 చెబితే గట్టెక్కినట్టే. అబ్రహాం లింకన్ చేసిన ముఖ్యమైన పని ఒకటి చెప్పండి అన్నది అందులో ఒక ప్రశ్న. ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఇక్కడే పుట్టి పెరిగిన స్నేహితుల్ని సరదాగా అడిగి చూశాను. రాజ్యాంగ సవరణలు ఎన్ని? ఒకతను 10 అన్నాడు, ఒకామె 50 అంది. 27 అని చెబితే ఇద్దరూ ఆశ్చర్యపోయారు. వాళ్ళ తప్పు కాదు. మా ఇంటి గడపకి మెట్లెన్నో నన్ను అడిగితే నేనూ తడుముకుంటాను. బయటినుంచి వచ్చినవాడే లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాడు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే సంఘం పత్రికకి బాగానే ఉంటుంది. వలసవచ్చినవాళ్ళ గొప్పతనం, అమెరికా కల, పక్కన జెండా బొమ్మ. కానీ ఈ సినిమాని మూడుసార్లు చూశాక ఆ పని చెయ్యబుద్ధి కావడం లేదు.

మొదటిది, ఆ సెలూన్‌లో లింకన్ మాటలు విన్నవాళ్ళందరూ తెల్లవాళ్ళే. సినిమాలో ఒక చైనా నౌకరు పాత్ర ఉంది, నవ్వించడానికి పెట్టినది. అతన్ని ఎవరూ కూర్చోమనరు, అతను రెస్టారెంటు పెట్టడు. కథ జరిగేది 1908లో. చైనావాళ్ళు వలస రాకుండా 1882లో చేసిన చట్టం అప్పటికి అమల్లో ఉంది. ఇక మన సంగతి. 1907 సెప్టెంబరు 4 రాత్రి, ఇదే వాషింగ్టన్ రాష్ట్రంలో, మా ఇంటినుంచి గంటన్నర డ్రైవ్‌లో ఉన్న బెల్లింగ్‌హామ్‌లో, రంపపు మిల్లుల్లో పనిచేసే భారతీయుల్ని అల్లరిమూక బసల్లోంచి ఈడ్చి తరిమేసింది. వాళ్ళలో ఎక్కువమంది పంజాబ్ సిక్కులు. కొద్ది రోజుల్లో ఆ ఊళ్ళో మనవాళ్ళు దాదాపు మిగల్లేదు. రెడ్ గ్యాప్ జనం రగుల్స్‌కి విందులిస్తున్నది ఆ మరుసటి ఏడాదే అన్నమాట.

సినిమా విడుదలైన 1935కి ఇక్కడికి వలస వచ్చిన మనవాళ్ళకి పౌరసత్వం పొందే హక్కే లేదు. పౌరసత్వం అడిగిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు "తెల్లవాళ్ళు" కారు కాబట్టి అర్హులు కారని చెప్పేసింది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో లూస్-సెల్లర్ చట్టంతో. అదీ కొత్తగా వలస రావడానికి ఏడాదికి 100 మంది కోటాతో. లాటన్ నిజజీవితంలో 1950లో అమెరికా పౌరుడయ్యాడు. తెరమీద చెప్పిన మాటని కాగితం మీద పెట్టడానికి ఆయనకి అడ్డేమీ లేదు.

దీనివల్ల సినిమా చెడ్డదైపోతుందా? నా దృష్టిలో కాదు. మనుషులందరూ సమానులని రాసినవాళ్ళ ఇళ్ళల్లో బానిసలున్నారు. మాట ఎప్పుడూ మనిషి కన్నా ముందు నడుస్తుంది. కానీ పిల్లలతో కలిసి చూసేటప్పుడు ఆ చైనా నౌకరు కనిపించగానే పాజ్ నొక్కండి. మా అమ్మాయి నాకన్నా ముందే నొక్కింది.

1950లో ఇదే కథని బాబ్ హోప్, లూసిల్ బాల్‌లతో 'ఫ్యాన్సీ ప్యాంట్స్' పేరుతో మళ్ళీ తీశారు. రంగులు, పాటలు, గెంతులు. అందులో బాబ్ హోప్ నౌకరు కాదు, నౌకరు వేషం కట్టిన నటుడు. అక్కడే కథ ప్రాణం పోయింది. వేషం కట్టినవాడికి వేషం తియ్యడం ఎంతసేపు? మూడు తరాలుగా ఒంట్లో ఇంకినదాన్ని తియ్యడం కదా కష్టం. విచిత్రమేమిటంటే చాలామందికి ఈ రెండోది తెలుసు, మొదటిది తెలియదు. పారమౌంట్ తన పాత సినిమాల్ని 1958లో ఎమ్‌సీఏ అనే ఇంకో కంపెనీకి అమ్మేసింది. తీసినవాళ్ళ చేతిలో లేని సినిమాని పండగలకి, వార్షికోత్సవాలకి ఎవరు గుర్తుచేస్తారు? పేకాటలో నౌకరు పోయినట్టు బేరంలో సినిమా కూడా చేతులు మారింది. 2014లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు, అది కొంత నయం.

రెండో సంగతి చెప్పడం కష్టం, కానీ ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

కిందటి వేసవిలో మా నాన్నగారు వచ్చారు. కృష్ణా జిల్లా పల్లెటూరు, ఎనభై దాటాయి. ఇంగ్లిష్ చదువుతారు గానీ సినిమా డైలాగులు అందవు. ఒక మధ్యాహ్నం ఈ సినిమా పెడితే కూర్చున్నారు. నేను పక్కన ఉండి అవసరమైన చోట చెబుతున్నాను. నౌకరుని వెతుక్కుంటూ ప్రభువు గారు రెడ్ గ్యాప్ వస్తారు, అక్కడ నెల్ అనే పడుచు ఆయనకి డ్రమ్ములు వాయించడం నేర్పుతుంది. పెద్దగా ఏమీ జరగదు ఆ సీనులో. ఆమె పాడుతుంటే ఆయన ఎక్కడ దెబ్బ వెయ్యాలో లెక్కపెట్టుకుంటూ, తప్పుతూ, మళ్ళీ అందుకుంటూ ఉంటాడు. నాన్నగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అనువాదం అక్కర్లేకపోయింది.

మొదటి సీను దగ్గర మాత్రం ఆపమన్నారు.

"పేకాటలో మనిషిని పెట్టాడా?"

"అవును నాన్నా. వీళ్ళు గెలుచుకుని అమెరికా తీసుకుపోతారు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మన పాలేరుని మీ మేనత్త వాళ్ళింటికి పంపించలా?"

నాకు లీలగా గుర్తుంది. నాకు ఏడో ఎనిమిదో. మేనత్త వాళ్ళకి కొత్తగా గేదెలు కొన్నారు, చూసుకునే మనిషి లేడు. మా తాతగారు మా పాలేరుని పంపించారు. పేకాటలో కాదు, ప్రేమతోనే, ఆడపడుచుకి చీరసారె పెట్టినట్టు. ఆ మనిషిని అడిగినట్టు ఎవరికీ గుర్తులేదు. ఆయన భార్యాపిల్లలు మా ఊళ్ళోనే ఉండిపోయారు. పండక్కి వచ్చి వెళ్ళేవాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఏటిగట్టు దాకా తీసుకెళ్ళిన మనిషి. మా ఇంట్లో అందరం, పిల్లలతో సహా, ఆయన్ని "ఒరే" అనేవాళ్ళం. ఈ వాక్యాల్లో "ఆయన" అని రాస్తుంటే చెయ్యి ఒకసారి ఆగింది, అదే నిజం. పేరు రాయడం లేదు, ఆయన పిల్లలు ఎక్కడున్నారో, ఇది చూస్తారో నాకు తెలియదు.

పదిహేనేళ్ళుగా నేను ఈ సినిమాలో రగుల్స్‌ని నేనే అనుకున్నాను. వీసా కాగితాలు చేతులు మారినప్పుడు, కుర్చీ అంచున కూర్చున్నప్పుడు, నా పేరు ఎవరూ సరిగ్గా పలకనప్పుడు. మనలో చాలామంది అలాగే అనుకుంటారనుకుంటాను. మనకి అన్యాయం జరిగినప్పుడు లింకన్ వెంటనే గుర్తొస్తాడు. కానీ ఆ కథలో మా కుటుంబం కూర్చున్న కుర్చీ వేరే. పొద్దున్నే తలనొప్పితో లేచి, నోరు రాక, చివరికి చెప్పేసిన ప్రభువు గారిది. మా తాతగారికైతే ఆ తలనొప్పి కూడా వచ్చినట్టు లేదు. కులం సంగతి ఇక్కడ మనవాళ్ళ విందుల్లో ఎవరైనా ఎత్తితే "అవన్నీ ఇప్పుడెందుకండీ" అంటాం. బెల్‌నాప్-జాక్సన్ కూడా మర్యాదగానే మాట్లాడతాడు, చూడండి.

సినిమా చివర్లో రగుల్స్ తన రెస్టారెంటు తెరుస్తాడు. ఆంగ్లో-అమెరికన్ గ్రిల్. వంటింట్లో పరిచయమైన మిసెస్ జడ్సన్ అనే ఆవిడ సాయం ఉంది. ప్రారంభం రోజునే బెల్‌నాప్-జాక్సన్ వచ్చి అవమానించబోతే మెడపట్టి బయటికి గెంటేస్తాడు. గెంటి, పెద్దింటివాణ్ణి గెంటేశాను, ఇక నా పని అయిపోయిందని వంటింట్లో కూలబడతాడు. బయట జనం లేచి పాట అందుకుంటారు. ఆ పాట తనకోసమేనని రగుల్స్‌కి అర్థం కాదు, ఇంకెవరికోసమో అనుకుంటాడు. ఎగ్బర్ట్ తిట్టి మరీ చెప్పాల్సివస్తుంది.

అది అయ్యేసరికి నాన్నగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"సెలూన్లో అప్పజెప్పాడే, అదేంటి, పద్యమా?"

"లింకన్ ఉపన్యాసం. ఎవరికీ రాలేదు, ఇతనికొచ్చింది."

"మనవాడికి రాయబారం పద్యాలన్నీ వచ్చేవి. తెలుసా నీకు? చదువు లేదు. నాటకాలు విని విని పట్టేశాడు. పశువుల పాకలో పాడుతుంటే మీ తాత అరుగు మీద కూర్చుని వినేవాడు. ఒక్కనాడు దగ్గరికి రమ్మన్లేదు."

"ఏం పాడేవాడు?"

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "చెల్లియో చెల్లకో..." అని ఎత్తుకున్నారు. రాగం బాగానే పలికింది. మొదటి పాదం దాటారు. రెండో పాదం దగ్గర ఆగారు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. మళ్ళీ అక్కడే ఆగారు.

"తర్వాతేంట్రా?"

మా ఆవిడ వైపు చూశాను. తనకీ రాలేదు. నేను ఫోన్ కోసం జేబులో వెతుక్కున్నాను.